పాత కంప్యూటర్‌ను పారేయొద్దు, రెండో డ్రైవు బిగించండి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. సొంతానికి వాడుకునేవారికి ఇచ్చిన పొడిగింపు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 (భద్రతా చిప్), దాదాపుగా ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ నుంచి పైన ఉండాలి. బడుల్లో, గ్రంథాలయాల్లో, డీటీపీ సెంటర్లలో నడుస్తున్న 4వ, 6వ తరం మెషీన్లకు ఆ అర్హత లేదు. అంతమాత్రాన అవి పాడైనట్టు కాదు. వాటిని తుక్కులో వేసి కొత్తవి కొనడానికి ప్రజల సొమ్ము ఖర్చుపెట్టడం అన్యాయం. 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డ్రైవు) ఒకటి అదనంగా బిగించి దానిమీద లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే, 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ కూడా రోజువారీ పనికి సరిపోతుంది. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

పాత విండోస్‌ను తుడిచేయమని చెప్పడం లేదు. అను అనే పాత తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్ అనే పేజీల ప్రోగ్రాములో చేసిన ఏళ్లనాటి పని అందులోనే ఉంటుంది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి కాబట్టి, ఆ మ్యాటర్‌ను మరో చోట తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. లెక్కల ప్రోగ్రాము టాలీకి కూడా విండోసే కావాలి. అందుకే రెండూ ఉండాలి, కానీ విడివిడి డ్రైవుల మీద ఉండాలి.

చాలాచోట్ల ఉన్న డిస్క్‌నే రెండు భాగాలు చేసి పని ముగిస్తున్నారు. ఇది తప్పుడు పొదుపు. బ్యాడ్ సెక్టార్లు (చెడిపోయిన చోట్లు) మొదలైన పాత హార్డ్ డిస్క్ మీద పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) కుదించబోతే డేటా పోయే ప్రమాదం ఎక్కువ. డేటా పోకపోయినా, రెండు సిస్టమ్‌ల బూట్ ఫైళ్లు (సిస్టమ్‌ను లేపే ఫైళ్లు) ఒకే చోట చేరతాయి. ఒకదాన్ని రిపేరు చేయబోతే రెండోది లేవకపోవచ్చు. డిస్క్ పోయిన రోజున రెండూ పోతాయి.

పని మొదలుపెట్టే ముందు ఫైళ్లను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. బిట్‌లాకర్ (డ్రైవుకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోవాలి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రాములో) ఒక సెట్టింగ్ మార్చినా విండోస్ ఆ కీ అడగవచ్చు, అది లేకపోతే డేటా దక్కదు. పవర్ ఆప్షన్స్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ తీసేయాలి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ స్థితిలో లినక్స్ నుంచి ఆ డ్రైవులో ఏదైనా రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు. ఏళ్ల తరబడి మార్చని, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీని కూడా ఈ పనిలోనే మార్చేయండి. అది అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి, నిన్నటిదాకా లేచిన సిస్టమ్ ఈరోజు లేవకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువమంది వదిలేసేది ఒకటుంది. లినక్స్ వేసే ముందు విండోస్ డ్రైవు సాటా కేబుల్ పీకేయాలి. ఉబుంటులో చాలాకాలం ఉన్న, మింట్ 22లో ఉన్న ఇన్‌స్టాలర్, మీరు రెండో డ్రైవును ఎంచుకున్నా బూట్‌లోడర్‌ను (లినక్స్‌ను లేపే ప్రోగ్రామును) మొదటి డ్రైవులో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెట్టేస్తుంది. కొన్నాళ్లకు ఆ మొదటి డ్రైవు తీస్తే లినక్స్ కూడా లేవదు, కారణం ఎవరికీ అంతుపట్టదు. కేబుల్ పీకి ఉంటే ఈ చిక్కే రాదు. పైగా ‘ఎరేజ్ డిస్క్’ నొక్కినా తుడవడానికి కొత్త డ్రైవు ఒక్కటే ఉంటుంది. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక కేబుల్ తిరిగి పెట్టి, ఏది కావాలో బయోస్ బూట్ మెనూలో ఎంచుకోవాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.

కొత్త డ్రైవు ఇన్‌స్టాలర్‌కు కనిపించకపోతే బయోస్‌లో సాటా మోడ్ (డ్రైవులతో మాట్లాడే పద్ధతి) ‘రెయిడ్’లో ఉందేమో చూడాలి. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి నేరుగా మార్చేస్తే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. ముందు విండోస్ సేఫ్ మోడ్‌లో (కనీస డ్రైవర్లతో) లేచేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక మామూలుకు తేవాలి.

విడి డ్రైవులు పెడితే ఏ గొడవా రాదని కూడా అనుకోవద్దు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ చాలా మెషీన్లలో లినక్స్‌ను లేవనివ్వలేదు. ఆ అప్‌డేట్ చేసిన మార్పు డ్రైవులో కాక మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో (బోర్డులోనే ఉండే ప్రోగ్రాములో) నిలుస్తుంది. అలాంటప్పుడు సెక్యూర్ బూట్‌ను (నమ్మకమైన సంతకం లేని సిస్టమ్‌ను లేవనివ్వని బయోస్ రక్షణను) తాత్కాలికంగా ఆపి, లినక్స్‌ను అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేసుకోవాలి. గడియారం అయిదున్నర గంటలు తేడా చూపితే మెషీన్ చెడిందని కంగారుపడొద్దు. హార్డ్‌వేర్ గడియారంలో విండోస్ మన సమయాన్ని రాస్తుంది, లినక్స్ గ్రీన్‌విచ్ లెక్కలో రాస్తుంది. లినక్స్‌లో ‘timedatectl set-local-rtc 1’ అనే ఆదేశం ఒక్కసారి ఇస్తే సరిపోతుంది.

పొడిగింపు తీసుకోని విండోస్‌ను ఇంటర్నెట్‌కు కలపకండి. డివైజ్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌ను ఆపేస్తే చాలు, లినక్స్‌లో నెట్ యథావిధిగా వస్తుంది.

కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు నడుస్తున్నాయి. మన రెండు రాష్ట్రాల విద్యాశాఖలు, గ్రంథాలయ సంస్థలు ఈ పాత కంప్యూటర్లను వేలానికి పెట్టేముందు రెండో డ్రైవు సంగతి పరిశీలించాలి. నిర్వహణ కాంట్రాక్టులలో మూడు షరతులు రాయాలి: లినక్స్ విడి డ్రైవు మీదే ఉండాలి, అది వేసేటప్పుడు విండోస్ డ్రైవు కేబుల్ తీసి ఉండాలి, బిట్‌లాకర్ కీ కార్యాలయ రిజిస్టరులో నమోదు కావాలి.

— కంప్యూటర్ నిర్వహణ పనిలో ఉన్న ఒక పాఠకుడు