తక్కువ చూపిస్తున్న ఆర్‌పీఎం మీటర్‌పై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: మీ ఆర్‌పీఎం మీటర్, రెవ్ లిమిటర్ కిట్ తప్పు రీడింగు ఇవ్వడం, వారంటీ నిరాకరించడం గురించి

నమస్కారం.

ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో (ఆర్‌పీఎం) చూపించే మీటర్, ఆ వేగం హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్ బాక్సు ఉన్న మీ కిట్ నా కారుకు బిగించి మూడు నెలలైంది. దాని గురించి మూడుసార్లు మెయిల్ పెట్టాను. చివరికి వచ్చిన జవాబు ఒకే ఒక్క వాక్యం: "మోడిఫై చేసిన వాహనాలకు వారంటీ వర్తించదు." అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. క్యామ్‌షాఫ్టులు, వాల్వ్ స్ప్రింగులు మార్పించాను. 7000 ఆర్‌పీఎం దగ్గర ఫ్యూయల్ కట్ అయ్యేలా ట్యూనర్ ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో) సెట్ చేశారు. మీ బాక్సులో లిమిట్ 6800కి, గేరు మార్చమని చెప్పే షిఫ్ట్ లైట్ 6500కి పెట్టుకున్నాను. ముందు మీ బాక్సు ఆపాలి, అది ఆపలేకపోతేనే ఈసీయూ అడ్డుపడాలి.

ట్రాక్ మీద మొదటి రోజే తేడా కనిపించింది. రెండో గేర్‌లో షిఫ్ట్ లైట్ ఇలా వెలిగిందో లేదో, ఇంజిన్ పొలమారినట్టు తడబడింది. ముల్లు 6550 దగ్గర వణుకుతోంది. లిమిట్ తక్కువ పెట్టారని ట్యూనర్ మీద విసుక్కున్నాను, ఇంకో 500 పెంచమని అడిగాను. ఈసీయూ లాగ్ (అది నమోదు చేసిన రికార్డు) చూడకుండా ఒక్క అంకె కూడా మార్చనని ఆయన తెగేసి చెప్పారు. ఆ మాటే నా ఇంజిన్‌ను కాపాడింది. లాగ్‌లో కట్ అయింది సరిగ్గా 7000 దగ్గర. ఇంజిన్ ప్రధాన ఇరుసు (క్రాంక్) తిరుగుడును సెన్సర్ పళ్ల చక్రం చూసి లెక్కపెట్టిన అంకె అది. మీ బాక్సు లెక్కలో ఇంజిన్ ఇంకా 6800కి చేరనే లేదు, అందుకే అది ఆపలేదు.

ఆ రోజు 500 పెంచి ఉంటే ఆర్‌పీఎం పెరిగేది 7 శాతమే. కానీ పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్ల మీద పడే లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 15 శాతం ఎక్కువయ్యేది. స్ప్రింగులు తట్టుకోలేక వాల్వులు సమయానికి మూసుకోకుండా తేలిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీటర్ ఎక్కువ చూపిస్తే కాస్త ముందుగా గేరు మారుస్తాం, అంతే. తక్కువ చూపిస్తే మాత్రం అది చూసి నడిపేవాళ్లు ఇంజిన్‌ను చేజేతులా పాడు చేసుకుంటారు.

మీ మొదటి జవాబు: "ముల్లు కదలడానికి కొంత సమయం పడుతుంది." నిజమే, కింది గేర్లలో ఇంజిన్ వేగంగా లేస్తే ఏ ముల్లయినా వెనకబడుతుంది. అందుకే న్యూట్రల్‌లో, ఒక్కో వేగం దగ్గర కదలకుండా పట్టి చూశాం. ఈసీయూ 3000 అన్నప్పుడు మీ మీటరూ 3000 చూపించింది. 5000 దగ్గర 4850, 6000 దగ్గర 5720. మీ బ్రోషర్‌లో ఉన్న ఒక శాతం తేడా 6000 దగ్గర 60 మాత్రమే. నాకు వచ్చింది 280.

రెండో జవాబు: "సిలిండర్ సెట్టింగ్ చూసుకోండి." సెట్టింగ్ తప్పయితే ఏ వేగం దగ్గరైనా రీడింగు ఒకే నిష్పత్తిలో తప్పాలి. 3000 దగ్గర సరిగ్గా ఉండి పైకి వెళ్లేకొద్దీ తేడా పెరగదు. అయినా మీ మాట కొట్టిపారేయకుండా మీటర్‌కు సిగ్నల్ తెచ్చే టాకో వైరు మీద ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ను తెర మీద చూపే పరికరం) పెట్టించాను. 6000 దగ్గర సెకనుకు 200 పల్సులు, ఒక్కటీ తగ్గలేదు. క్రాంక్ ఒక్క చుట్టుకు రెండు పల్సులు, లెక్క సరిపోయింది. అంటే వైరులో వచ్చే సిగ్నల్ బాగానే ఉంది, లోపం మీ బోర్డులోనే.

ఇక వారంటీ మాట. పెట్టె మీద మీరే "పర్ఫార్మెన్స్ కార్ల కోసం" అని ముద్రించారు. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారుకు ఈ కిట్ ఎవరు కొంటారు? మోడిఫై చేసినవాళ్లకే అమ్మి, తీరా లోపం బయటపడ్డాక మోడిఫై చేశారు కాబట్టి మాకు సంబంధం లేదనడం అన్యాయం. పై గేర్ నుంచి పొరపాటున కింది గేర్ వేసి ఇంజిన్‌ను అదుపు తప్పేలా తిప్పితే ఏ లిమిటరూ ఆపలేదు, ఆ తప్పు నాదని ఒప్పుకునేవాడిని. ఇక్కడ జరిగింది అది కాదు.

నాకు పూర్తి డబ్బు వాపసు కావాలి. మళ్లీ అదే బోర్డు మార్చి పంపితే తీసుకోను. ఇదే బ్యాచ్ కొన్న మిగతావాళ్లకు, లిమిట్ సెట్ చేసే ముందు ఈసీయూ లాగ్‌తో సరిచూసుకోమని వెంటనే తెలియజేయండి. నాకు డబ్బు రావడం కన్నా అదే ముందు జరగాలి. వాళ్లలో చాలామందికి ఈసీయూలో రెండో లిమిట్ ఉండకపోవచ్చు, మీ బాక్సునే నమ్ముకుని ఉంటారు.

మీటర్, బాక్సు విప్పి పక్కన పెట్టాను. పరీక్షకు పంపమంటే రేపే పంపిస్తాను. పరీక్షలో ఏం తేలిందో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జత: బిల్లు కాపీ, ఈసీయూ లాగ్, ఆసిలోస్కోప్ ఫొటోలు, న్యూట్రల్‌లో తీసిన వీడియో