సరుకు లెక్క సరే, విడుదలైనవాళ్ల లెక్క ఏది?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో తరచూ వచ్చే ఫొటో ఒకటుంది. బల్ల మీద మత్తుమందు పొట్లాలు, వాటి వెనక అధికారులు, పక్కన ముసుగులేసిన కుర్రాళ్లు. కింద ఎన్ని కిలోలు దొరికాయో రాస్తారు. ఆ కుర్రాళ్లు తర్వాత ఎక్కడికి చేరతారో నాకు తెలుసు. ఇరవై రెండేళ్లు జైలు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేశాను.

హెరాయిన్ అలవాటున్నవాడికి లోపలికొచ్చిన రెండో రోజుకల్లా ఆవలింతలు, కళ్ల నీళ్లు మొదలవుతాయి. ఒళ్లంతా గగుర్పాటు, వాంతులు, విరేచనాలు. అప్పుడు నా కిటికీలోంచి ఇవ్వగలిగింది నొప్పి మాత్ర, వాంతుల మాత్ర, ఓఆర్‌ఎస్ పొట్లం. ఈ బాధను, హెరాయిన్ మీది యావను అదుపులో పెట్టే మందులు మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్. వాటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మేం మందులు తెప్పించుకునే ఇండెంటు ఫారంలో వాటికి గడి కూడా ఉండేది కాదు.

ఒకతను ఆర్నెల్లు లోపల ఉన్నాడు. నేను డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. విడుదలయ్యే రోజు కిటికీ దగ్గరికొచ్చి, "డాక్టర్ సార్, ఇక ఈ మొహం మీకు కనిపించదు" అన్నాడు. పన్నెండో రోజున పోయాడని వార్డరు చెప్పాడు. కొత్తగా ఏమీ చేయలేదు, పాత మోతాదే ఎక్కించుకున్నాడు. ఆర్నెల్లు మానేసిన ఒళ్లు దాన్ని తట్టుకోలేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ల నుంచి బయటికొచ్చినవాళ్ల మీద 2007లో వెలువడిన పరిశోధన చూడండి. మొదటి రెండు వారాల్లో మోతాదు మించి చనిపోయే ముప్పు మామూలు జనానికంటే 129 రెట్లట.

దాడులు ఆపమనడం లేదు. పెద్ద వ్యాపారిని పట్టుకోవాల్సిందే. (అలాంటివాళ్లు నా కిటికీ దగ్గరికి వస్తే గిస్తే బీపీ మాత్రలకే వచ్చేవారు.) కానీ పట్టివేతల్నే ఫలితంగా చూపించడం దగ్గరే నా పేచీ. గంజాయి, కొకైన్ తీసే కోకా, నల్లమందు సాగును 2008 నాటికి రూపుమాపుతామని, కనీసం బాగా తగ్గిస్తామని ఐక్యరాజ్యసమితిలో దేశాలు 1998లో మాటిచ్చాయి. గడువు పోయింది, పంట పోలేదు. తాలిబన్ల నిషేధం తర్వాత 2023లో అఫ్గానిస్తాన్‌లో నల్లమందు సాగు 95 శాతం పడిపోయిన మాట నిజమే. ఆ ఏడాదే మయన్మార్ మొదటి స్థానానికొచ్చింది.

పోర్చుగల్ 2001 నుంచి వేరే దారి పట్టింది. పది రోజుల వాడకానికి మించని సరుకుతో దొరికినవాణ్ని కోర్టుకు బదులు చికిత్స వైపు మళ్లించే ఒక కమిషన్ ముందు కూర్చోబెడతారు. అమ్మడం మాత్రం నేరమే. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రం కూడా 2020 ఓటింగుతో కొద్దిపాటి సరుకు దగ్గర ఉంచుకున్నవాళ్లకు జైలుశిక్ష తీసేసింది గానీ, చికిత్స ఏర్పాట్లు వెనకబడ్డాయి. వీధుల్లో పరిస్థితి చూసి జనం విసిగిపోయారు. 2024లో దాన్ని మళ్లీ నేరంగా మార్చారు. చట్టం మార్చినంత త్వరగా పడకలు, మందులు, కౌన్సెలర్లు సమకూరరు కదా.

ఈసారి ఆ ఫొటో వేసేటప్పుడు మీ విలేకరి చేత ఒక్క ప్రశ్న అడిగించండి: నిరుడు ఇదే బల్ల పక్కన నిలబెట్టినవాళ్లలో ఇప్పుడు చికిత్సలో ఎందరున్నారు, బతికి ఎందరున్నారు? కిలోలకు రిజిస్టరు ఉంది. దీనికి నాకు తెలిసి లేదు. ఆ అబ్బాయి పేరు పక్కన మా రిజిస్టరులో "విడుదల, ఆరోగ్యం సంతృప్తికరం" అని ఉంటుంది. ఆ రాత నాదే.

— పదవీ విరమణ చేసిన ఒక జైలు ఫార్మసిస్టు