ఈ నవంబరు నుంచి ప్యాకెట్టు ధర ఎందుకు పెంచుతున్నామంటే

మా కాఫీ తాగేవాళ్లందరికీ నమస్కారం.

ముందు చేదు కబురు చెప్పేస్తాను. నవంబరు 1 నుంచి పావుకిలో అరబికా ప్యాకెట్టు 340 రూపాయలు కాదు, 410. చికోరీ కలిపిన పొడి ధర మాత్రం మారదు, దాని గింజ వేరే చోట కొంటాం.

ప్రపంచమంతా కాఫీ రేటు మండిపోతోందండీ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు. అబద్ధమూ కాదు. 2025 ఫిబ్రవరిలో అరబికా రేటు అంతర్జాతీయ మార్కెట్లో ఎన్నడూ లేనంత ఎత్తుకి పోయింది. కానీ అది సగం మాటే. మిగతా సగం, పోయిన సీజన్లో నేను చేసిన తప్పు.

మేం గింజ కొనేది పాడేరు అవతల ఒక గిరిజన రైతుల సంఘం దగ్గర. అరకు కాఫీ అని మీరూ నేనూ అంటాం, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా అరకు పేరుతోనే వచ్చింది గానీ, పంట చింతపల్లి, జి. మాడుగుల వైపు కొండల మీదా ఉంది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ ఓక్ మానుకి అల్లుకుని మిరియాల తీగ. ఒక్కో ఇంటికీ ఎకరమో రెండెకరాలో.

ఈ సంఘం 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పెట్టుకున్నది. దీంట్లో సర్కారు వాటాధనం ఉండదు. 1956లో పుట్టిన జీసీసీ (గిరిజన సహకార సంస్థ) లాగా వెనక ప్రభుత్వం నిలబడి లేదు. సభ్యులు కట్టిన వాటా, పండు అమ్మగా మిగిలిన నాలుగు రూపాయలు, అంతే మూలధనం. సంఘం ఎవరి మాటా వినక్కర్లేదు, నిజమే. సీజన్లో చేతిలో డబ్బు ఆడకపోతే ఆదుకునే నాథుడూ లేడు.

పోయిన జనవరిలో రెండు టన్నుల పార్చ్‌మెంట్ (పండు తొక్క తీసి ఎండబెట్టిన, పైపొర ఊడని గింజ) వస్తుందని కూర్చున్నాను. వచ్చింది 700 కిలోలు. కోపంగానే కొండెక్కాను. నేను ఇస్తానన్న రేటు షావుకారు రేటు కంటే ఎక్కువ కదా, పండు బయటికెలా పోయింది?

సంఘం అధ్యక్షురాలు నాతో వాదించలేదు. లోపలికెళ్లి తూకం పుస్తకం తెచ్చి అరుగు మీద నా ముందు తెరిచింది. సభ్యుడి పేరు, పండు కిలోలు, రేటు, ఇచ్చినది అని నాలుగు గళ్లు. మొదటి మూడూ నీలం సిరాతో నిండుగా ఉన్నాయి. నాలుగో గడి పేజీ పొడుగునా ఖాళీ.

"మీ రేటే ఎక్కువ బాబూ, కాదనం. కానీ మీ డబ్బులు ఫాల్గుణంలో వస్తాయి. మా పండగ పుష్యంలో వస్తాది," అంది.

నిజానికి నేను 45 రోజుల్లో ఇస్తానన్నాను. అంతకు ముందు ఏడాది 80 రోజులు దాటించాను. నాకు రావాల్సిన బాకీ ఒక హోటలు ఆలస్యం చేసింది, ఆ ఆలస్యాన్ని నేను కొండ మీదికి తోసేశాను. వాళ్లు తోసెయ్యడానికి వాళ్ల కింద ఎవరూ లేరు. షావుకారు మాత్రం శ్రావణ భాద్రపదాల్లో, వానలకి పనుల్లేక ఇంట్లో తిండిగింజలు అడుగంటినప్పుడే అడ్వాన్సు ఇచ్చి పోయాడు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే 1/70 చట్టం ఉంది కాబట్టి వాళ్ల భూమి మీద చెయ్యి వెయ్యలేడు. చెట్టు మీది పంట మీద వేశాడు. నేను రేటు గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను, అతనికి క్యాలెండరు తెలుసు.

దీనికీ కప్పులో రుచికీ ఏం సంబంధం అంటారా? చాలా ఉంది. కాఫీ పండు ఒక్కసారే పండదు. ఎర్రబడ్డది ఎర్రబడ్డట్టు, ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లి ఏరాలి. ఏరిన రోజే తొక్క తీసి, జిగురు వదిలేదాకా నానబెట్టి, కడిగి ఎండెయ్యాలి. డబ్బు అవసరం ముంచుకొచ్చిన మనిషి అన్నిసార్లు వెళ్లడు. ఎరుపూ పచ్చా కలిపి కొమ్మ మొత్తం ఒక్కసారే దూసేస్తాడు. మార్చి, ఏప్రిల్ ప్యాకెట్లలో పచ్చి వగరు తగిలిందని మీలో కొందరు రాశారు. అది రోస్టింగ్ లోపమేమోనని అప్పుడు జవాబిచ్చాను. కాదు, ఆ గింజల్లో పచ్చికాయ ఎక్కువుంది. నాకప్పుడే అనుమానం ఉంది, ఒప్పుకోలేదు. ఆ ప్యాకెట్టు కొన్నవాళ్లెవరైనా అడిగితే ఇంకోటి ఉచితంగా పంపుతాం.

ఇకనుంచి పద్ధతి ఇదీ. సంఘం కాటా దగ్గర పండు తూగిన రోజే సగం డబ్బు, మిగతాది పార్చ్‌మెంట్ విశాఖ చేరాక 15 రోజుల్లో. ఇందుకు బ్యాంకు అప్పు తీసుకున్నాను. సుమారు ఆరు కిలోల పండుకి ఒక కిలో గింజ వస్తుంది, వేయించితే అందులోనూ 15 శాతం దాకా తరుగు. అంటే మీ పావుకిలో వెనక కిలో ముప్పాతిక పండు ఉందనుకోండి. పెంచిన 70 రూపాయల్లో సగానికి పైగా ఆ పండు రేటుకే పోతుంది, మిగిలింది వడ్డీకి.

ఆరు నెలల ప్యాకెట్లకి ముందే డబ్బు కట్టేవాళ్లకి పాత ధరే, 340. ఆ డబ్బు నేరుగా నవంబరు తూకానికి పోతుంది, నాకు ఆ మేరకు వడ్డీ తప్పుతుంది. అయితే ఒక మాట. ఈ ఏడు అరకు వైపు తోటల్లో కాయతొలుచు పురుగు కనబడింది. పురుగు పట్టిన పండు ఏరి, మరిగే నీళ్లలో వేసి పాతిపెట్టాల్సిందే. మా సంఘం తోటల్లోకి ఇంకా రాలేదు. అయినా పాత గోనె సంచులతో పురుగు వస్తుందని, వాటిని కొండ మీదికి తిప్పి పంపొద్దని గట్టిగా చెప్పారు, పంపడం లేదు. పంట దెబ్బతిని ఇవ్వలేకపోతే, ఇవ్వని నెలల డబ్బు తిరిగిచ్చేస్తాను. వేరే చోటి గింజ తెచ్చి అదే ప్యాకెట్లో పొయ్యను.

ఇంకోటి. మా ప్యాకెట్టు వెనక "గిరిజన రైతుకి న్యాయమైన ధర" అని అచ్చేయించాను కదా. కొత్త ప్యాకెట్ల మీద అది ఉండదు. పాతవి ఇంకా 300 దాకా ఉన్నాయి, పారేయడానికి మనసొప్పక ఆ లైను నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేసి వాడుతున్నాం. మరక అనుకోకండి.