ఆకురాయి గీతలు

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూసి నాలుగు రోజులైంది, ఏమనుకోకు. మొన్న శనివారం ఇక్కడ నాణేల ప్రదర్శనకి వెళ్ళాను, అప్పట్నుంచీ బుర్ర అక్కడే ఉంది. ఓ పెద్దాయన బల్ల మీద 1795 నాటి అమెరికా అయిదు డాలర్ల బంగారు నాణెం, ప్లాస్టిక్ బిళ్ళలో సీలు వేసి. నాది కొనే మొహం కాదని తెలిసిపోతూనే ఉంటుంది కదా, అయినా పాపం భూతద్దం ఇచ్చి మరీ చూడమన్నాడు.

మన కాసు కంటే ముప్పావు గ్రాము ఎక్కువంతే రా. బంగారం కూడా మన నగల లెక్కే, 22 కేరట్లు. ఒక పక్క టోపీ పెట్టుకున్న లిబర్టీ, అంటే స్వేచ్ఛకి గుర్తుగా వేసే ఆడమనిషి బొమ్మ, చుట్టూ 15 నక్షత్రాలు. రెండో పక్క ఓ బక్క గద్ద, ముక్కున ఆకుల దండ. విలువ ఎంతో ఎక్కడా రాసి లేదు! 1807 దాకా రాయనేలేదు, తూకమే ధర.

ఆమె బుగ్గ మీద నాలుగు సన్నటి గీతలున్నాయి. అయ్యో, ఎవరు గీకారండీ అంటే ఆయన నవ్వాడు. ముద్ర వేయకముందు బిళ్ళ బరువెక్కువైతే ఫిలడెల్ఫియా టంకశాలలోనే ఆకురాయితో అరగదీసి, ఆ గీతల మీదే చేత్తో తిప్పే మరతో అచ్చు కొట్టేవాళ్ళట. నాకు మన వీధి చివరి కంసాలి, ఆయన ఒళ్ళో రజను పట్టే గుడ్డ గుర్తొచ్చాయి.

ఇంత అరుదెందుకంటే, తక్కువ కొట్టారని మాత్రమే కాదు. అమెరికా 1792 నాణేల చట్టంలో తులం బంగారానికి 15 తులాల వెండి అని కట్టారు, ఫ్రాన్సులోనేమో పదిహేనున్నర. ఇంకేముంది, వ్యాపారులు ఇక్కడ వెండి ఇచ్చి బంగారు నాణేలు పోగేసి ఓడలెక్కించారు, అవి అక్కడ కరిగిపోయాయి. పది డాలర్ల నాణెమైతే 1804లో ఆపేసి 1838 దాకా మళ్ళీ కొట్టలేదు. 1834లో కొత్త నాణేల్లో బంగారం తగ్గించేసరికి పాత అయిదు డాలర్ల బిళ్ళ కరిగిస్తే అయిదు డాలర్ల ముప్ఫై సెంట్ల పైనే, ఇక ఎవరు దాచుకుంటారు చెప్పు? 1822లో టంకశాల లెక్క ప్రకారం అయిదు డాలర్లవి 17,796 కొట్టారు. 1822 అని అచ్చు ఉన్నవి ఇవాళ తెలిసినవి మూడు. మూడంటే మూడే! రెండు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి, మూడోది 2021లో వేలంలో 84 లక్షల డాలర్లు పలికింది. నన్నడిగితే ఆ రేటు కంటే ఆ బుగ్గ మీద గీతలే ఎక్కువ అబ్బురం, కానీ నేను కొనేవాణ్ణి కాదు కాబట్టి ఎన్నయినా చెబుతా.

అన్నట్టు, నాన్నమ్మగారి కాసుల పేరు చెరిపించి కొత్త మోడల్ చేయిద్దామని మీ అమ్మగారు అంటున్నారన్నావు కదా. నాలుగు రోజులు ఆగమను. ఆ కాసులు రెండు వైపులా దగ్గరగా ఫోటో తీసి పంపు, వెనక గుర్రం మీద మనిషి ఉంటే అవి పాత ఇంగ్లండు సవరన్లు కావచ్చు, కింద సంవత్సరం కూడా పడేలా తియ్యి. కంసాలికి మాత్రం ఇప్పుడే ఇవ్వకండిరా బాబూ.

నీ,
రాంబాబు