తర్వాత ఏ ఫ్రేమ్‌వర్క్? ఈసారి ఓట్లు అడగడం లేదు

మా కంప్లయన్స్ (నిబంధనల పాటింపు) సాఫ్ట్‌వేర్ వాడుతున్న మీ అందరికీ నమస్కారం.

ప్రస్తుతం మా దగ్గర మూడు ఫ్రేమ్‌వర్క్‌లు, అంటే సంస్థలు పాటించాల్సిన నియమాల సమితులు, ఉన్నాయి: ఐఎస్ఓ 27001 (సమాచార భద్రత), సాక్ 2 (సేవా సంస్థల భద్రతా ఆడిట్), పీసీఐ డీఎస్ఎస్ (కార్డు చెల్లింపుల భద్రత). నాలుగోదానికి పని మొదలుపెట్టే ముందు మీ మాట వినాలి. పోయినసారి పేర్లు ఇచ్చి ఓటు వేయమన్నాం. పీసీఐకి ఎక్కువ ఓట్లు పడ్డాయని హడావిడిగా చేర్చాం. అక్కడే తప్పు చేశాం. ఆ సంగతి చెప్పకుండా మళ్లీ మీ అభిప్రాయం అడగడం నాకు సబబనిపించలేదు.

పీసీఐ నిబంధనలను మొదటినుంచి చదివి కట్టాల్సింది పోయి, అప్పటికే ఉన్న ఐఎస్ఓ కంట్రోల్స్‌కు (భద్రతా ఏర్పాట్లకు) పీసీఐ నిబంధనల నంబర్లు తగిలించాం. యాక్సెస్ రివ్యూనే తీసుకోండి. ఎవరికి ఏ సిస్టమ్‌లోకి అనుమతి ఉందో సరిచూడమని ఐఎస్ఓ 27001 చెబుతుంది గానీ, ఎన్నాళ్లకోసారి అన్నది సంస్థకే వదిలేస్తుంది. పీసీఐ డీఎస్ఎస్ 4.0.1 అలా కాదు. యూజర్ ఖాతాలను కనీసం ఆరు నెలలకోసారి చూడాల్సిందే. 2025 మార్చి 31 తర్వాత అది తప్పనిసరి. ఏడాదికోసారి చూసేవాళ్లకూ మా స్క్రీన్ మీద పచ్చ టిక్ పడింది. రెండో రివ్యూ రికార్డు ఏదని ఒక కస్టమర్‌ను ఆడిటర్ అడిగేదాకా మాకు తెలియలేదు. వాళ్లు ఆ టిక్‌ను నమ్మారు. వాళ్లు పడ్డ టెన్షన్‌కు కారణం మేమే. ఇప్పుడు ప్రతి ఫ్రేమ్‌వర్క్ గడువునూ విడిగా లెక్కిస్తున్నాం.

ఇప్పుడు మా ముందు రెండున్నాయి. ఒకటి ఐరోపా సమాఖ్య తెచ్చిన సైబర్ భద్రతా ఆదేశం ఎన్ఐఎస్ 2. పెద్ద భద్రతా ఘటన జరిగిందని తెలిసిన 24 గంటల్లో ముందస్తు హెచ్చరిక, 72 గంటల్లో వివరాలు, ఆ తర్వాత నెలలోగా తుది నివేదిక ఇవ్వాలి. పైగా ఏ సభ్యదేశానికి ఆ దేశం సొంత చట్టం చేసుకోవాలి కాబట్టి ఒకే టెంప్లేట్ అందరికీ సరిపోదు. రెండోది ఏఐ నిర్వహణ కోసం 2023లో వచ్చిన ఐఎస్ఓ 42001. మాది చిన్న టీమ్, ఒక్కదాన్నే సరిగ్గా చేయగలం.

అందుకే ఏది కావాలని అడగను. మీకు అవసరమైన ఫ్రేమ్‌వర్క్ గురించి మిమ్మల్ని అడిగిందెవరు, క్లయింటా, చట్టమా? ఏ తేదీలోగా కావాలి? ఏ ఎవిడెన్స్‌ను (ఆడిటర్‌కు చూపాల్సిన రుజువును) ఇంకా ఎక్సెల్ షీట్‌లో చేత్తో రాసుకుంటున్నారు? నాకు అన్నిటికన్నా పనికొచ్చేది ఈ చివరి ప్రశ్నకు జవాబే. రెండూ వద్దు, ఉన్న మూడింటినే బాగుచేయండి అన్నా వింటాను.

మీకు అవసరమైనది మేం ఎంచుకోకపోతే ఆ మాట మీకు ముందే చెబుతాను. వేరే దారి చూసుకోవడానికి మీకు సమయం ఉండాలి.