22 మంది పేర్లూ అచ్చు వేయండి

సంపాదకుల వారికి,

ఏషియాడ్‌కో దక్షిణాసియా క్రీడలకో మన మహిళల ఫుట్‌బాల్ జట్టును ప్రకటించినప్పుడు తెలుగు పత్రికల్లో వచ్చే వార్త సాధారణంగా నాలుగు వాక్యాలు దాటదు. కెప్టెన్ పేరు, కోచ్ పేరు, తెలుగమ్మాయి ఉంటే ఆమె పేరు ఉంటాయి. మిగతా వాళ్లంతా ‘తదితరులు’. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య పేరు శీర్షికలో కనిపిస్తే మాకూ సంతోషమే. 2024-25లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది ఆమె. కానీ ఆమె వెనక ఆడేదెవరు, 70వ నిమిషంలో ఆమె అలసిపోతే దిగేదెవరు అన్న సంగతి పాఠకుడికి తెలియదు. ఇలాంటి క్రీడల్లో పతకం వచ్చినా చేజారినా చాలావరకు ఆ ‘తదితరుల’ వల్లే.

లెక్క చూడండి. మైదానంలో గోల్‌కీపర్ కాకుండా పది స్థానాలుంటాయి. ఒక్కో స్థానానికి ఇద్దరు చొప్పున 20 మంది, ముగ్గురు గోల్‌కీపర్లు కలిపితే 23. ప్రపంచకప్ స్థాయి టోర్నీల్లో చాలాకాలం నడిచిన లెక్క ఇదే. బహుళ క్రీడల పోటీల్లో అన్ని ఆటల వాళ్లకూ కలిపి వసతి చూడాలి కాబట్టి కోత పడుతుంది. 2023లో చైనాలో జరిగిన హాంగ్‌ఝౌ ఏషియాడ్‌కు మనవాళ్లు 22 మంది వెళ్లారు. ఒలింపిక్స్‌లోనైతే జాబితా 18 మందే. 20 మందితో వెళ్లే జట్టులో ముగ్గురు కీపర్లు పోగా 17 మంది మిగులుతారు. అంటే మూడు స్థానాలకు రెండో మనిషి ఉండదు. ఆ మూడు స్థానాలు ఏవి, అక్కడికి జరిగి ఆడగలిగేవాళ్లు ఎవరు అన్నది తేల్చుకోవడమే జట్టు ఎంపికలో అసలు పని.

తరచూ దెబ్బతినేది లెఫ్ట్ బ్యాక్ దగ్గర, అంటే రక్షణ వరసలో ఎడమ చివరి స్థానంలో. ఎడమ కాలితో ఆడే డిఫెండర్లు ఎక్కడైనా తక్కువే. ఉన్న ఒక్కరికీ కండరం పట్టేస్తే కుడి కాలి అమ్మాయిని అక్కడికి జరుపుతారు. బంతి అందగానే ఆమె కుడి కాలి మీదకు తీసుకోవడానికి లోపలికి తిరుగుతుంది. అంటే ప్రత్యర్థి ఒత్తిడి వైపే తిరుగుతోందన్నమాట. పక్క గీత వెంబడి ముందుకు వెళ్లాల్సిన పాస్ వెనక్కి, రక్షణ మధ్యలో ఉండే సెంటర్ బ్యాక్‌కు వెళ్తుంది. కాస్త తెలివైన ప్రత్యర్థి కోచ్ దీన్ని పది నిమిషాల్లో పసిగట్టి దాడినంతా ఆ పక్కకే మళ్లిస్తాడు. అదనంగా ఒక స్ట్రైకర్‌ను తీసుకుని ఈ స్థానాన్ని ఒక్కరితో సరిపెట్టడం కంటే పెద్ద పొరపాటు లేదు.

ఇక షెడ్యూలు. 2019 దక్షిణాసియా క్రీడల్లో మన జట్టు డిసెంబర్ 3, 5, 7, 9 తేదీల్లో ఆడింది. ఏడు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు! ఫైనల్లో బాలాదేవి రెండు గోల్స్‌తో నేపాల్‌ను 2-0తో ఓడించి స్వర్ణం గెలిచాం. 2010, 2016లలోనూ స్వర్ణం మనదే. అయితే 2019లో మాల్దీవులు, శ్రీలంకలపై వచ్చిన భారీ ఆధిక్యాల వల్ల ప్రధాన ఆటగాళ్లకు కాస్త ఊపిరి పీల్చుకునే వీలుండేది. ఏషియాడ్‌లో ఆ వెసులుబాటు దొరకదు. పురుషుల విభాగంలో మాదిరిగా మహిళలకు వయసు పరిమితి లేదు కాబట్టి చైనా, ఉత్తర కొరియా, జపాన్‌ల సీనియర్ క్రీడాకారిణులే ఎదురవుతారు.

హాంగ్‌ఝౌలో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. మన గ్రూపులో మూడే జట్లు. 2023 సెప్టెంబర్ 21న చైనీస్ తైపీపై రెండో సగం మొదట్లోనే అంజు తమాంగ్ గోల్‌తో ఆధిక్యంలోకి వెళ్లాం. చివరి పాతిక నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చుకుని 1-2తో ఓడాం. 24న థాయ్‌లాండ్ చేతిలో 0-1. ఇంటిదారి పట్టడానికి ఆ రెండు మ్యాచ్‌లే చాలాయి. 2014 ఇంచియాన్‌లో దక్షిణ కొరియా, థాయ్‌లాండ్ చెరో పది గోల్స్ వేసిన రోజులతో పోలిస్తే ఇది చాలా ముందడుగు. తేడా ఇప్పుడు ఆ చివరి పాతిక నిమిషాల్లో ఉంది. ఐదుగురిని మార్చుకోవచ్చు, కానీ విరామం కాకుండా మూడుసార్లే ఆట ఆపి మార్చాలి. ఆధిక్యంలో ఉండి కాళ్లు బరువెక్కిన జట్టుకు 60వ నిమిషంలో ఇద్దరు తాజా మిడ్‌ఫీల్డర్లు కావాలి. వాళ్లు బెంచ్ మీద ఉన్నారా లేదా అన్నది ఎంపిక రోజునే తేలిపోతుంది.

జపాన్‌ను చూడండి. ఆ ఏడాది జూలై-ఆగస్టుల్లో ప్రపంచకప్ ఆడిన ప్రధాన జట్టును పక్కనపెట్టి, ఎక్కువగా దేశవాళీ లీగ్ అమ్మాయిలతో హాంగ్‌ఝౌకు వచ్చి, ఫైనల్లో ఉత్తర కొరియాను 4-1తో ఓడించింది. జట్టుకు లోతు అంటే అదీ, ప్రధాన క్రీడాకారిణులు లేకున్నా గెలవగలగడం.

మరో విషయం పత్రికల్లో ఎప్పుడూ రాదు. ఈ క్రీడల్లో ఫుట్‌బాల్ జట్టు తరచూ ప్రధాన వేదికకు దూరంగా ఉంటుంది. 2016లో క్రీడలు గువాహటిలో మొదలైతే మహిళల ఫుట్‌బాల్ ఫైనల్ షిల్లాంగ్‌లో. 2019లో ఖాట్మండూ నుంచి దాదాపు 200 కిలోమీటర్ల అవతల పోఖరాలో. 2023లో మనవాళ్లు ఆడింది హాంగ్‌ఝౌలో కాదు, వెన్‌ఝౌలో. క్రీడాగ్రామంలోని కేంద్ర వైద్య బృందం అక్కడ ఉండదు. కాబట్టి జట్టుకు సొంత ఫిజియో, సొంత డాక్టర్ తప్పనిసరి. ఇరవై మందికి పైగా ఉన్న జట్టుకు ఒకే ఫిజియో అయితే మ్యాచ్ మర్నాడు సాయంత్రానికి కూడా అందరికీ చికిత్స పూర్తికాదు, ఆ మరుసటి రోజే మళ్లీ మ్యాచ్.

మహిళల్లో మోకాలి ఏసీఎల్ (కీలును నిలిపి ఉంచే లోపలి స్నాయువు) గాయాలు పురుషుల కంటే రెట్టింపుకు పైగా ఉంటాయని వైద్యులంతా చెప్పేదే. గాయాలు తగ్గించడానికి రూపొందించిన ఫిఫా 11+ వార్మప్ 20 నిమిషాల్లో అయిపోతుంది: 8 నిమిషాలు నెమ్మది పరుగులు, 10 నిమిషాలు బలం, గెంతులు, సమతుల్యత, 2 నిమిషాలు వేగపు పరుగులు. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా ఎవరో ఒకరు పక్కన నిలబడి చూడాలి, లేకపోతే అది ఉత్త కసరత్తే. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు శిబిరం మొదటి రోజే చేయించాలి. ఐరన్ లోపం పూడటానికి వారాలు పడుతుంది. బయల్దేరే ముందు చేయించిన పరీక్ష వల్ల ఉపయోగం లేదు.

శిబిరం చివర్లో 48 గంటల తేడాతో రెండు పూర్తి మ్యాచ్‌లు ఆడించాలని మా గట్టి అభిప్రాయం. మొదటి మ్యాచ్ మొత్తం ఆడిన అమ్మాయి రెండోదాంట్లో 75వ నిమిషంలో బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరుగెత్తుతోందా, నడుస్తోందా? ఎంపికదారులు రాసుకోవాల్సింది అది. పెనాల్టీలూ అదే అలసటలో కొట్టించాలి.

ఎవరైనా తప్పుకుంటే వచ్చే స్టాండ్‌బైల పేర్లు కూడా అదే రోజు ప్రకటించాలి. పేర్ల నమోదు గడువు దాటాక మార్పు అంత తేలిక కాదు. ఆసియా కప్ బహుళ క్రీడల పోటీ కాకపోయినా 2022 జనవరి అనుభవం మరవకూడదు. సొంతగడ్డ మీద, నవీ ముంబైలో, కొవిడ్ వల్ల చైనీస్ తైపీతో మ్యాచ్‌కు కనీసం 13 మంది పేర్లు ఇవ్వలేక టోర్నీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 2025 జూలైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి మళ్లీ ఆసియా కప్ బెర్తు సంపాదించింది ఈ అమ్మాయిలే. రెండు గోల్సూ వేసింది మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్.

మీకు మా విన్నపం చిన్నది. జట్టు ప్రకటించిన రోజు అందరి పేర్లూ స్థానం, క్లబ్బు, వయసు, అంతవరకు ఆడిన అంతర్జాతీయ మ్యాచ్‌లతో ఒక పట్టికగా వేయండి. అరకాలమ్ కూడా పట్టదు. మ్యాచ్ వార్తలో గోల్స్‌తో పాటు ఎవరి బదులు ఎవరు, ఏ నిమిషంలో దిగారో ఒక వాక్యం రాయండి. మ్యాచ్ మొదలయ్యే వేళను భారత కాలమానంలో ముందురోజే ఇవ్వండి.

— ఒక ఫుట్‌బాల్ శిక్షకురాలు, సహచరులు