గైడ్ లేని పీహెచ్‌డీ: రిజిస్ట్రార్ గారికి బహిరంగ లేఖ

రిజిస్ట్రార్ గారికి నమస్కారం.

సర్, నాలుగు మెయిల్స్ పెట్టాను, మీ ఆఫీసు బయట బెంచీ మీద మూడు పూటలు కూర్చున్నాను, ఉలుకూ పలుకూ లేదు, అందుకే నలుగురి ముందు రాయాల్సొస్తోంది, తప్పుగా అనుకోవద్దు.

నేను నెల్లూరు నుంచి చెన్నై వచ్చి హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. టాపిక్ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీని ఏలిన జస్టిస్ పార్టీ ప్రభుత్వం, 1925లో దాని ముఖ్యమంత్రి పానగల్ రాజా తెచ్చిన హిందూ దేవాదాయ చట్టం, గుడి ఆస్తులు సర్కారు బోర్డు పర్యవేక్షణలోకి ఎలా వచ్చాయనేది. ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో ఆనాటి కాగితాలు తిప్పుతుంటే అంచులు పొడిపొడిగా చేతికి అంటుకుంటాయి, ఇంకో పదేళ్లకి ఉంటాయో లేదో.

మా గైడ్ గారు రిటైరయ్యి 14 నెలలైంది. కొత్త గైడ్‌ని ఇవ్వలేదు. గైడ్ సంతకం లేకపోతే ఫెలోషిప్ పడదు, నెలకి 37,000, అదే నా అద్దె, అదే నా మెస్సు బిల్లు. నేనుండే ట్రిప్లికేన్ మాన్షన్ (బ్యాచిలర్ల లాడ్జి) ఓనర్ ఈ నెల గదికి రెండో తాళం వేస్తానన్నాడు, అమ్మ గాజులు ఎప్పుడో బ్యాంకులో ఉన్నాయి (ఇది ఆమెకి తెలీకుండా రాస్తున్నా).

యూజీసీ 2022 రూల్స్ ప్రకారం రిటైరైన గైడ్ 70 ఏళ్లొచ్చే దాకా కో-సూపర్‌వైజర్‌గా ఉండొచ్చు. ఆయన రెడీగా ఉన్నారు. డిపార్ట్‌మెంట్‌లో ఒకర్ని సూపర్‌వైజర్‌గా వేస్తూ ఈ నెలాఖరులోగా ఆర్డర్ ఇప్పించండి, ఆగిపోయిన నెలల ఫెలోషిప్ క్లెయిమ్ కూడా పంపించండి. నా పీహెచ్‌డీ గడువు లెక్కలో ఈ 14 నెలలు కలపొద్దని కూడా కోరుతున్నాను సర్.

ఇట్లు,
మీ రీసెర్చ్ స్కాలర్